తంగేడు దొరకని చోట బతుకమ్మకు పసుపు పూలు

వరంగల్, హనుమకొండ వైపు నుంచి డాలస్ పరిసరాలకు కొత్తగా వచ్చిన కుటుంబాలు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: ఊరి నుంచి తంగేడు గింజలు తెచ్చి పెరట్లో వేసుకోవచ్చునా? వద్దనే నా సలహా. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని గింజలను విమానాశ్రయంలో తీసేసుకుంటారు, సామానులో ఉన్న సంగతి చెప్పకపోతే జరిమానా కూడా పడవచ్చు. పద్ధతి ప్రకారం తెచ్చుకున్నా, ఇక్కడి చలికాలంలో నీళ్లు గడ్డకట్టే రాత్రులను తంగేడు తట్టుకోవడం కష్టం.

దానికి బదులు ఈ నేలలోనే పుట్టిన మాక్సిమిలియన్ సన్‌ఫ్లవర్‌ను వేసుకోండి. ఇది మన చేలలో వేసే పొద్దుతిరుగుడులా ఒక్క పంటతో పోయేది కాదు. చలికి పైభాగం ఎండిపోయినా, వేరు బతికి ఉండి వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే దాదాపు పెత్రమాస నుంచి సద్దుల దాకా, కాడ పొడవునా 2, 3 అంగుళాల పసుపు పూలు పూస్తుంది. నేల గురించి బెంగ అక్కరలేదు. డాలస్ చుట్టుపక్కలది మన పత్తిచేల నల్లరేగడి వంటిదే, వానకు చెప్పులకు అంటుకుంటుంది, ఎండకు వేలు దూరేంత నెర్రెలిస్తుంది.

నవంబరులో, రోజంతా ఎండ తగిలే చోట గింజలు చల్లి పైన పలచగా మట్టి కప్పితే, చలికాలపు తడికి నాని వసంతంలో మొలుస్తాయి. మొదటి వేసవిలో వారానికొకసారి తడిపితే చాలు. తర్వాత వాన నీళ్లే సరిపోతాయి. వరంగల్‌లో మా ఇంటి వెనుక గుట్ట మీద ఎవరూ నీళ్లు పోయకుండానే తంగేడు పూసిన సంగతి మరచి, నేను మొదట్లో దీనికి ఎరువు వేసి రోజు విడిచి రోజు నీళ్లు పెట్టాను. అది 9 అడుగులు పెరిగి, సరిగ్గా పూతకొచ్చిన వారంలో గాలికి పక్కింటి కంచె మీద వాలిపోయింది. ఇప్పుడు జూన్‌లో సగానికి కత్తిరిస్తున్నాను, పొట్టిగా, గట్టిగా నిలబడుతోంది. వేరు పక్కలకు పాకుతుంది కనుక రెండు మూడేళ్లకొకసారి తవ్వి పంచిపెట్టక తప్పదు.

ఇంటి ముందు వేయదలిస్తే మాత్రం మీ హెచ్‌ఓఏకు, అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘానికి, ముందే అర్జీ పెట్టండి. 2013 నాటి టెక్సస్ చట్టం ప్రకారం నీటి ఎద్దడిని తట్టుకునే తోటలను అది నిషేధించలేదు గాని, ముందస్తు అనుమతి అడగవచ్చు.

పండుగ నాటి ఉదయమే మూరెడు కొసలు కోసి నీళ్ల బకెట్లో నిలబెడితే సాయంత్రం తాంబాళంలో తంగేడు వరుసకు పనికొస్తాయి. గునుగుకు వెతుకులాట అక్కరలేదు. నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మేది ఆ జాతిదే.