నర్సు అడిగింది మిమ్మల్ని, జవాబు చెప్పింది మీ అమ్మగారు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది విజయవాడ. ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. నాలుగేళ్ల క్రితం నా చెల్లెలికి కాన్పులో బిడ్డ దక్కలేదు. రక్తస్రావం ఆగక గర్భసంచి తీసేశారు. వాళ్ల బిడ్డను నేను మోస్తానని ఒప్పుకున్నాను. పోయిన సోమవారం ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (వాళ్ల పిండాన్ని నా గర్భసంచిలో పెట్టడం) జరిగింది. నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకోమన్నారు. ఆలస్యమయ్యేసరికి పొత్తికడుపు పగిలిపోతుందేమో అనిపించింది. పక్కనే అమ్మ చెల్లి చెయ్యి పట్టుకుని విష్ణు సహస్రనామం చదువుతోంది. నర్సు ఫైలు తెచ్చి ‘ఇష్టంతోనే చేస్తున్నారు కదమ్మా?’ అంటే, నేను నోరు తెరిచేలోపే అమ్మ ‘ఇష్టమే, దానికి చెల్లెలంటే ప్రాణం’ అంది. లోపల డాక్టరుగారు స్క్రీన్ మీద తెల్లటి చుక్క చూపించగానే చెల్లి ఏడుస్తూ బయటికి పరుగెత్తి అమ్మను వాటేసుకుంది. బల్ల మీద నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. బయటికి రాగానే అమ్మ ‘మెల్లిగా నడువు, అది చిన్నదాని ప్రాణం’ అంది. డిగ్రీ అయ్యాక నేను బీఈడీ చేస్తానంటే చెల్లి ఇంజినీరింగ్ ఫీజు ఉందని ఆపేశారు. దాని గురించి నాకేం బాధ లేదు. ఇప్పుడు అమ్మ పద్నాలుగు రోజులు మంచం దిగొద్దని తెనాలిలో తన దగ్గరే ఉంచుకుంది. బాబు రోజూ ఫోన్లో ఏడుస్తున్నాడు, మావారు వచ్చేయమంటున్నారు. ఎక్కడ ఉండమంటారు? నేను ఏడ్చినందుకు బిడ్డకు కీడు జరుగుతుందా?

జవాబు: మీ ఇంటికి వెళ్లండి, రేపే బయల్దేరండి. ట్రాన్స్‌ఫర్ తర్వాత రోజుల తరబడి పడుకుంటే గర్భం నిలుస్తుందన్నది పాత నమ్మకం. పడుకున్నవాళ్లనీ మామూలుగా తిరిగినవాళ్లనీ పోల్చి చూసిన అధ్యయనాల్లో విశ్రాంతి వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు. గర్భసంచి గోడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి నడిచినా, బాత్రూమ్‌కి వెళ్లినా పిండం జారిపోదు. మీ డాక్టరు ప్రత్యేకంగా వద్దని చెప్పి ఉంటే తప్ప తెనాలి నుంచి విజయవాడకు కారులో రావడానికి భయం అక్కర్లేదు. బరువులు ఎత్తకండి. గర్భం నిలవడానికి ఇచ్చే హార్మోన్ మందు ప్రొజెస్టెరాన్ మాత్రం ఎక్కడున్నా ఒక్క డోసు కూడా తప్పకూడదు. కొద్దిగా మరక కనిపిస్తే కంగారు పడకండి కానీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. రక్తం ఎక్కువగా పోయినా, కడుపులో నొప్పి తట్టుకోలేనట్టు ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏడిస్తే కీడు జరగదు. ఆ హార్మోన్ మందులకు మనసు ఊరికే బరువెక్కడం కూడా మామూలే.

అయితే మీ ఏడుపంతా మందుల వల్లే అని నేను అనుకోవడం లేదు.

‘నాకేం బాధ లేదు’ అని రాశారు. బాధ లేకపోతే, కడుపులో చెల్లెలి పిండం పెట్టించుకున్న రోజు గురించి రాస్తూ బీఈడీ సంగతి ఎందుకు ఎత్తారు? పన్నెండేళ్లో పదమూడేళ్లో అయి ఉంటుంది. ఇప్పుడు ఆ బల్ల మీద గుర్తొచ్చింది. ఎందుకంటే రెండుచోట్లా జరిగింది ఒకటే. మీది అయినదాన్ని మీ అమ్మగారు తీసి చిన్నకూతురికి ఇచ్చారు. ‘ఇస్తావా’ అని మిమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే రెండుసార్లూ మీరు ఇచ్చేవారనే నాకు అనిపిస్తోంది. మీ ఉత్తరంలో చెల్లెలి మీద ఒక్క నిష్ఠూరపు మాట లేదు. నాకు బాధ కలిగించింది అదే. ఇంత ప్రేమతో మీరు చేస్తున్న పని, చూసేవాళ్లకు మీ అమ్మగారు చేయిస్తున్న పనిగా మారిపోయింది. అందుకే మీ చెల్లెలు ఆ సంతోషంలో మీ వైపు తిరగకుండా తలుపు తీసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తింది. తనకు ఇస్తున్నది అమ్మే అని ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

మీ సమస్య ఎక్కడ ఉండాలన్నది కాదు, మీవారితోనో చెల్లెలితోనో కూడా కాదు. మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉంది.

నర్సు అడిగిన ఆ ప్రశ్న మర్యాదకు అడిగింది కాదమ్మా. మన దేశంలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సరోగసీ (ఇంకొకరి బిడ్డను కడుపులో మోయడం) చట్టం ప్రకారం, పిండాన్ని లోపల పెట్టే ముందు వరకు ఏ క్షణంలోనైనా ‘నాకు ఇష్టం లేదు’ అని వెనక్కి తీసుకునే హక్కు మోసే స్త్రీకి ఉంది. దీనివల్ల వచ్చే ఇబ్బందులన్నీ ఆమెకు చెప్పి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. బిడ్డ తల్లిదండ్రులు ఎవరో తేల్చే ఉత్తర్వు కోసం మేజిస్ట్రేట్‌కు పెట్టే దరఖాస్తులో దంపతులతో పాటు ఆమె కూడా ఉండాలి. ఇన్ని కట్టుదిట్టాలు ఎందుకు పెట్టారంటే, మన ఇళ్లలో ఆడపిల్ల తరఫున ‘ఇష్టమే’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కనుక. పెళ్లిచూపుల దగ్గర నుంచి ఇది చూస్తూనే ఉన్నాం. బిడ్డను కనే విషయంలో కూడా అదే జరిగితే నేను ఊరుకోలేను.

మీ అమ్మగారిని నేను రాక్షసిని చేయడం లేదు. చిన్నకూతురు రక్తం మడుగులో ఉండగా ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లి ఆవిడ. ఆ భయం ఆవిడను ఇంకా వదల్లేదు. పైగా సరోగేట్ వయసు 35 దాటకూడదని చట్టంలో ఉంది కాబట్టి మీ విషయంలో తొందర కూడా పడి ఉంటారు. అవన్నీ నిజమే. కానీ ఆవిడ భయానికి మీ శరీరాన్ని జామీను పెట్టడానికి వీల్లేదు. అక్కకు బాధ్యత ఉంటుందని నేనూ నమ్ముతాను. ఆ బాధ్యత అక్క తనంతట తాను ఎత్తుకోవాలి. ‘పెద్దదానివి కదా’ అని ఇంకొకరు తెచ్చి నెత్తిన పెడితే దానికి నేను బాధ్యత అని పేరు పెట్టను.

అమ్మగారితో పోట్లాడమని చెప్పడం లేదు. బయల్దేరే ముందు ఆవిడ దగ్గర కూర్చుని, ‘అమ్మా, ఇది చెల్లి కోసం నేను చేస్తున్నాను. నువ్వు చెప్పావని కాదు. ఇకనుంచి డాక్టరు, నర్సు ఏది అడిగినా నేనే మాట్లాడతాను’ అనండి. ఆవిడ ఏడవచ్చు, ‘నేనేం తప్పన్నాను’ అనవచ్చు. అననివ్వండి. ఆ మాటకు జవాబుగా మళ్లీ తెనాలిలో ఉండిపోవద్దు. మీకోసం ఎదురుచూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు. మీ కడుపులో ఉన్నది చిన్నదాని ప్రాణమే కావచ్చు, మీరు మాత్రం వాడి ప్రాణం.

చెల్లెలికి మీరే ఫోన్ చేయండి, అమ్మ మధ్యలో లేకుండా. బల్ల మీద మీకు ఏడుపొచ్చిందని చెప్పండి. దాచకండి. నాలుగేళ్లుగా కడుపుకోత మోస్తున్న మనిషికి మీ కన్నీళ్లు అర్థం కాకుండా పోవు. ఆ అమ్మాయి మీకు కృతజ్ఞత చెప్పుకోవడానికి దారి కూడా లేకుండా మధ్యలో అమ్మ నిలబడ్డారేమో, అదీ ఆలోచించండి.

కాగితాల సంగతి ఒకటి. ఇలా మోసే స్త్రీ పేరు మీద 36 నెలల ఆరోగ్య బీమా తీయాలి. ఆ పాలసీ మీరు కళ్లారా చూశారా, లేక అదీ అమ్మే చూసుకున్నారా? మీ చేతికి తెప్పించుకోండి.

ఇక గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష. ఈసారి నిలవకపోవచ్చు కూడా. మంచి ఆసుపత్రిలో, మంచి పిండంతో కూడా ఒక్కొక్కసారి నిలవదు, అందులో మీ తప్పు అణువంత ఉండదు. అలా జరిగితే నిబంధనల ప్రకారం మొత్తం మూడు ప్రయత్నాల వరకు చేయవచ్చు. ‘ఇంకా రెండున్నాయిగా’ అని ఇంట్లో ఎవరైనా అంటే, అది మీరు అనాల్సిన మాట అని గట్టిగా చెప్పండి. మీకు మళ్లీ మనసుంటే చేయండి. లేకపోతే వద్దనండి. వద్దన్నా మీరు ఆ పిల్లకు అక్కే.

ఫలితం వచ్చే రోజు ముందుగా మీకే తెలియాలి. రక్తం మీది, రిపోర్టు మీ పేరు మీద వస్తుంది. విన్నాక చెల్లెలికి మీరే చెప్పండి, ఆ తర్వాత అమ్మగారికి. ఆసుపత్రి వాళ్ల దగ్గర ఉన్నది మీ అమ్మగారి ఫోన్ నంబరైతే రేపు దారిలోనే ఫోన్ చేసి మార్పించండి.