ఆశా కార్యకర్త టీకా సూది వేయొచ్చా? కరోనా అప్పుడు ఫార్మసిస్టులకు కూడా అనుమతి ఇచ్చారు కదా?

ఆశా వేయకూడదు. కర్నూలు, కడప, అనంతపురం, ఎక్కడైనా అంతే. పిల్లలను పిలుచుకురావడం, జాబితా చూసుకోవడం ఆమె పని. పల్స్ పోలియో చుక్కలు వేయొచ్చు, అందులో సూది లేదు కాబట్టి. మీ ఊళ్లో సూది వేయాల్సింది గ్రామ సచివాలయం ఏఎన్ఎం, అంటే ఊరి నర్సు.

2020 డిసెంబరు మార్గదర్శకాల్లో డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలతో పాటు ఫార్మసిస్టులను చేర్చింది కరోనా టీకా కోసం. దాన్ని చూపించి మెడికల్ షాపులో పిల్లలకు టీకా వేయించకండి.

అసలు చిక్కంతా సూది వేసే నేర్పులో ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డకు బీసీజీ (క్షయ టీకా) 0.05 మి.లీ. మాత్రమే, ఎడమ భుజం పైభాగాన చర్మం పొరల్లోకి పోవాలి. సరిగ్గా పడితే అక్కడ చిన్న బొబ్బ లేస్తుంది. లోతుకు దిగితే చీము గడ్డ కట్టొచ్చు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) 0.5 మి.లీ., ఎడమ తొడ కండలోకి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మందు కలిపాక 4 గంటలు దాటితే పారేయాల్సిందే, లేకుంటే సీసాలో క్రిములు పెరిగి బిడ్డ ప్రాణం మీదికొస్తుంది. కలిపిన టైము సీసా మీద రాశారా అని నిస్సంకోచంగా అడగండి.

నిజంగా మేలు చేసిన మార్పు ఇంకొకటి. టీకా వికటించి బిడ్డకు ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోతే, శిక్షణ పొందిన ఏఎన్ఎం డాక్టరు కోసం చూడకుండా ఒక డోసు అడ్రినలిన్ (తీవ్రమైన అలర్జీకి ఇచ్చే మందు) తొడ కండలోకి వేసి, 108 పిలిచి పంపొచ్చు. అందుకే అరగంట అక్కడే కూర్చోమనేది.