పచ్చలైటును నమ్మి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను

సాఫ్ట్‌వేర్‌లో గిటార్ ప్లగిన్ తెరిస్తే ఫ్లాంజర్, ఫేజర్, ఫీడ్‌బ్యాక్, సెంట్స్, డ్రాప్ డీ అని ఏవేవో కనిపిస్తున్నాయి, ముందు ఏది నేర్చుకోవాలి అని అడిగారు.

నన్నడిగితే ఎఫెక్టులన్నీ పక్కన పెట్టండి. తీగల శ్రుతి సరిచూసే ట్యూనర్‌లో ఓ మూల చిన్నగా కనిపించే 440 అనే అంకె సంగతి ముందు తేల్చుకోండి. మిగతా స్వరాలన్నిటికీ ఆధారమైన ‘ఏ’ స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపించాలో చెప్పే అంకె అది. దెబ్బ తిని చెబుతున్నాను.

ఒకసారి ఓ పాటకి ఇంట్లోనే గిటార్ రికార్డ్ చేశాను. ఆరు తీగలూ ఒక్కొక్కటే మీటి, అన్నిటికీ పచ్చలైటు వెలిగాకే మొదలుపెట్టాను. తర్వాత కోరస్, పెద్ద హాల్లో మోగినట్టు చేసే రివర్బ్ దట్టంగా వేశాను. గిటార్ ఒక్కటే వింటే బ్రహ్మాండం. కీబోర్డ్ ట్రాక్ కలిపేసరికి ఏదో తేడా కొట్టింది. అపశ్రుతి అని గట్టిగా అనలేను, బాగుందనీ అనలేను. తప్పు కోరస్‌దే అనుకున్నాను. దాని పనే అది మరి: మన శబ్దానికి ఒక నకలు తీసి, శ్రుతి కాస్త అటూ ఇటూ ఊగేలా చేసి, మళ్ళీ మన శబ్దంలోనే కలుపుతుంది. డెప్త్ తగ్గించాను, రేట్ తగ్గించాను, చివరికి కోరస్ తీసేసి, ప్రతిధ్వని తెచ్చే డిలే పెట్టాను. ఏం చేసినా అంతే.

తెల్లవారుజామున మూడింటికి విసుగొచ్చి ఎఫెక్టులన్నీ బైపాస్ చేశాను, అంటే ఆపేశాను. టోన్ జనరేటర్‌తో 440 హెర్ట్జ్ మోగించి, సన్న తీగని ఐదో ఫ్రెట్‌లో, అంటే ఐదో మెట్టు దగ్గర, నొక్కి మీటాను. రెండూ ఒకే స్వరంగా కలిసిపోవాలి. కలవలేదు సరికదా, వవవవ అని వణుకు. ట్యూనర్ చూస్తే రిఫరెన్స్ దగ్గర 432! ఎప్పుడో చెయ్యి తగిలినట్టుంది. 440కీ 432కీ తేడా ఎనిమిది కాబట్టి సెకనుకు ఎనిమిది వణుకులు. తీగలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా శ్రుతి కలిశాయి, మిగతా పాటకంటే మాత్రం 32 సెంట్లు కిందున్నాయి. ఒక ఫ్రెట్‌కీ పక్క ఫ్రెట్‌కీ మధ్య నూరు సెంట్లు. అంటే దాదాపు మూడో వంతు ఫ్రెట్ తేడా పెట్టుకుని కోరస్‌ని తిట్టానన్నమాట. రికార్డయిన శ్రుతిని మార్చే పిచ్ షిఫ్ట్‌తో పైకి లేపొచ్చుగా అంటారేమో, అదీ చేశాను. తీగ మీటినప్పుడు వచ్చే ఆ పదును పోయింది. మొత్తం మళ్ళీ వాయించాను.

ఇక పేర్లంటారా, వాటిని నమ్మకండి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి ఉన్న కడ్డీకి ట్రెమోలో అని పేరు పెట్టారు, కానీ అది ఊపేది శ్రుతిని. శ్రుతి ఊగితే వైబ్రాటో, వాల్యూమ్ ఊగితే ట్రెమోలో. అదే ఫెండర్ తన యాంప్లిఫయర్ల మీద వైబ్రాటో అని రాసిన చోట ఊగేదేమో వాల్యూమ్! ఆ తికమక ఇప్పటికీ తీరలేదు. ప్రిసెట్ల, అంటే ముందే అమర్చి ఇచ్చే ఎఫెక్టుల కట్టల, పేర్లు ఇంకా ఘోరం. ‘కలల సముద్రం’ లాంటి పేరు పెడతారు, లోపల చూస్తే ఐదు ఎఫెక్టులు ఒకదాని మీద ఒకటి. అందులో ఏది ఏం చేస్తోందో ఎవరికి తెలుస్తుంది?

ఒక్క ఎఫెక్టే ఆన్ చేసి, ఒక్క స్వరమే మీటుతూ, ఒక్కో నాబ్‌నీ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. డిలేలో ఫీడ్‌బ్యాక్ పెంచేకొద్దీ ప్రతిధ్వని ఎన్నిసార్లు తిరిగొస్తుందో పెరుగుతుంది. ఆ చివరికి తిప్పేముందు వాల్యూమ్ తగ్గించుకోండి, చెవులు మీవే. ప్రతిధ్వని సరిగ్గా ఒక బీట్ తర్వాత రావాలంటే, డిలే టైమ్ కోసం 60,000ని టెంపోతో, అంటే నిమిషానికి వచ్చే బీట్ల సంఖ్యతో, భాగించండి. 120 టెంపోకి 500 మిల్లీసెకన్లు. ఫ్లాంజర్‌దీ కోరస్ పద్ధతే, కాకపోతే నకలు మరీ కొద్ది ఆలస్యంతో వస్తుంది, అందుకే విమానం దూసుకెళ్ళినట్టుంటుంది. డ్రాప్ డీ అంటే లావు తీగ ఒక్కదాన్నే రెండు ఫ్రెట్లంత దించడం, అంతకు మించి ఏమీ లేదు.

ట్యూనర్‌ని మాత్రం ఎఫెక్టులన్నిటికంటే ముందు పెట్టండి. కోరస్ తర్వాత పెడితే ముల్లు ఊగుతూనే ఉంటుంది, మీరు బిగిస్తూనే ఉంటారు, సన్న తీగ టప్పున తెగేదాకా.