న్యూజెర్సీ బాకీ, టెక్సాస్ చిరునామా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

న్యూజెర్సీలో క్రెడిట్ కార్డు బాకీ మిగిల్చి డాలస్‌కు మారి ఏడాది దాటిందనీ, ఇప్పుడు కలెక్షన్ వాళ్ల ఉత్తరాలు మొదలయ్యాయనీ రాశావు. ముందుగా తేల్చుకోవలసింది ఆ బాకీ మీద కోర్టు తీర్పు వచ్చిందా లేదా అన్నది. సమన్లు పాత చిరునామాకు వెళ్లి, నీవు హాజరు కాలేదని ఏకపక్షంగా తీర్పు ఇచ్చేసి ఉండవచ్చు కనుక, న్యూజెర్సీ కోర్టు రికార్డుల్లో నీ పేరు వెతికించు.

తీర్పు లేకపోతే అది ఇంకా ఉత్త అప్పే. ఇటువంటి బాకీకి దావా గడువు సాధారణంగా న్యూజెర్సీలో ఆరేళ్లు, టెక్సాస్‌లో నాలుగేళ్లు. కాలదోషం పట్టిన అప్పు మీద దావా వేస్తామని కలెక్షన్ సంస్థలు బెదిరించకూడదని 2021 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. అయితే మన ఊళ్లలో మూడేళ్లు నిండకముందే ప్రామిసరీ నోటు వెనుక వందో రెండొందలో చెల్లు వేయించుకునేవారు, గుర్తుందా? ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో గడువు దాటిన అప్పుకు కూడా, కాస్త చెల్లిస్తే గడువు మళ్లీ మొదలయ్యే ఆ కిటుకు పనిచేస్తుంది. ఫోనులో మెత్తగా అడిగారని ఇరవై డాలర్లు పంపకు. ఉత్తరం అందిన 30 రోజుల్లోగా బాకీకి ఆధారాలు చూపమని రాతపూర్వకంగా అడుగు.

తీర్పు ఉంటే మాత్రం రాష్ట్రం మారడం నిన్ను కాపాడదు. ఒక రాష్ట్రపు తీర్పును మిగతావి గౌరవించాలని అమెరికా రాజ్యాంగమే చెబుతోంది. 20 ఏళ్లు నిలిచే న్యూజెర్సీ తీర్పు ప్రతిని టెక్సాస్ కోర్టులో దాఖలు చేస్తే, అది అక్కడి తీర్పులాగే అమలవుతుంది. సమన్లు సరిగా అందలేదని వాదించవచ్చు గానీ, అప్పు నిజమా కాదా అన్నది తిరగదోడనివ్వరు. టెక్సాస్‌లో ఇలాంటి బాకీకి జీతం జప్తు చేయరని నీ మిత్రులు చెప్పింది నిజమే. ఆ జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక జప్తుకు దొరుకుతుందన్న సంగతి వాళ్లు చెప్పి ఉండరు.

బాకీ తీర్చలేక దివాలా తీయాలనుకుంటే, అది ఫెడరల్ చట్టం కిందిది కనుక, ఏ రాష్ట్రపు తీర్పు బాకీ అయినా అందులోకి వస్తుంది. గత 180 రోజుల్లో ఎక్కువ భాగం ఉన్న చోట, అంటే నీకు టెక్సాస్‌లోనే, దాఖలు చేయాలి. చిక్కంతా ఆస్తి మినహాయింపుల దగ్గర, అంటే అప్పులవాళ్లకు చిక్కకుండా నీకు మిగిలే ఆస్తి దగ్గర: టెక్సాస్‌లో స్థిరపడి 730 రోజులు నిండకపోతే వర్తించేది న్యూజెర్సీ చట్టం. ఇల్లు కొన్నానన్నావు, టెక్సాస్ ఇంటికిచ్చే ఉదారమైన రక్షణను తొందరపడి పోగొట్టుకోకు. లాయరు దగ్గరకు వెళ్లేటప్పుడు అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్సు వంటి, నీవు డాలస్‌కు వచ్చిన తేదీని రుజువు చేసే కాగితాలన్నీ వెంట తీసుకువెళ్లు.