ఎన్నారై సందేహాలు: ప్రాజెక్టు చేస్తే పోయిన క్రెడిట్ ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరికి వచ్చి పద్నాలుగు నెలలైంది. మా అబ్బాయి పదకొండో గ్రేడ్. యూఎస్ హిస్టరీలో మొదటి సెమిస్టర్‌కి 61 వచ్చింది, పాస్‌కి 70 కావాలట, ఫెయిల్ అన్నారు. ఆన్‌లైన్‌లో క్రెడిట్ రికవరీ చేస్తాడా, ప్రాజెక్టు పద్ధతిలో చేస్తాడా అని కౌన్సెలర్ అడుగుతోంది. ఏది మంచిది? ఇండియా పంపించి ఇంటర్‌లో చేర్పిద్దామని మావారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఇంటర్ మాట పక్కన పెట్టండి. ఏడాది కోర్సు పాసైతే ఒక క్రెడిట్, కాబట్టి ఒక సెమిస్టర్‌కి మీ బాబు పోగొట్టుకున్నది అర క్రెడిట్. టెక్సస్‌లో హైస్కూలు డిప్లొమాకి కనీసం 22 క్రెడిట్లు కావాలి, ఎండార్స్‌మెంట్ (ఒక రంగంలో అదనపు కోర్సులు) తీసుకుంటే 26. ఆ అర క్రెడిట్ కోసం పిల్లాణ్ణి సముద్రం దాటించక్కర్లేదు. మన దగ్గరైతే ఇంటర్‌లో ఒక పేపర్ పోతే వేసవిలో సప్లిమెంటరీ రాసి బయటపడతారు. ఇక్కడ అలా ఒక్క పరీక్షతో ఏడాది తేలదు. అసలు మీవాడు ఎందుకు తప్పాడో చూశారా? గ్రేడ్‌బుక్ ఓపెన్ చేసి చూడండి. టెస్టుల్లో 80లు ఉండి, మధ్యలో సున్నాలు వరసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆఖరి పరీక్షకు చదివితే చాలనుకునే అలవాటుతో వచ్చిన పిల్లలు రోజువారీ అసైన్‌మెంట్లు ఇవ్వకుండా వదిలేస్తారు. ఇక్కడ ఇవ్వని ప్రతిదీ సున్నాయే.

రెండో సంగతి. చాలా డిస్ట్రిక్టుల్లో (అంటే మన జిల్లా కాదు, ఆ ప్రాంతం స్కూళ్ళను నడిపే సంస్థ) రెండు సెమిస్టర్ల సగటు 70 ఉంటే మొత్తం క్రెడిట్ ఇచ్చేస్తారు. 61కి తోడు రెండో సెమిస్టర్‌లో 79 తెచ్చుకుంటే సరిగ్గా 70. మీ డిస్ట్రిక్టులో ఈ పద్ధతి ఉందేమో కౌన్సెలర్‌ని సూటిగా అడగండి. ఉంటే ఏ రికవరీ కోర్సూ అవసరం రాకపోవచ్చు. బాబు బ్యాండ్‌లోనో టెన్నిస్‌లోనో ఉంటే ఇంకోటి కూడా తెలుసుకోండి. 1984లో తెచ్చిన 'నో పాస్, నో ప్లే' చట్టం ప్రకారం 70కి తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకు దూరంగా కూర్చోవాలి. పిల్లలకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, మనకి చెప్పరంతే.

సగటు కుదరకపోతే అప్పుడు మీ ప్రశ్న. ఆన్‌లైన్ అంటే కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో చూసి, కింద ప్రశ్నలకు టిక్కులు పెట్టడం. తొందరగా అయిపోతుంది. జవాబులు ఇంకో ట్యాబ్‌లో దొరుకుతాయి, ఈ రహస్యం పిల్లలందరికీ తెలుసు. శ్రద్ధగా చేసేవాళ్ళకీ ఇది తేలిక కాదు. 2011, 2012 వేసవుల్లో చికాగోలో ఆల్జీబ్రా తప్పిన పిల్లల్ని సగం ఆన్‌లైన్‌లో, సగం టీచర్ ఎదురుగా కూర్చోబెట్టి చూస్తే, ఆన్‌లైన్ వాళ్ళకే కోర్సు కష్టంగా అనిపించింది, క్రెడిట్ తెచ్చుకున్నవాళ్ళూ వాళ్ళలోనే తక్కువ. మరి స్కూళ్ళు దాన్నే ఎందుకు ముందు చూపిస్తాయంటే, నాలుగేళ్ళలో ఎంతమంది డిప్లొమా తీసుకున్నారన్న లెక్క ప్రతి స్కూలు మెడ మీదా కత్తిలా ఉంటుంది. కౌన్సెలర్‌ని తప్పు పట్టను, ఆవిడ చేతిలో కొన్ని వందల మంది పిల్లలుంటారు.

నేనైతే ప్రాజెక్టు వైపే. చూసి చెబుతున్నాను. మా పెద్దవాడు కూడా ఇదే సబ్జెక్టు తప్పాడు, అదీ రెండు సెమిస్టర్లూ. టీచర్ కూర్చోబెట్టి ఏ యూనిట్లు పోయాయో గుర్తు పెట్టింది: వలసలు, 1920లు, పౌరహక్కుల ఉద్యమం. కోర్సు మళ్ళీ మొదటి నుంచి చేయనక్కర్లేదు, ఈ మూడింటినీ కలిపే ఒక ప్రశ్న నువ్వే వెతుక్కో అంది. వాడు పట్టుకొచ్చిన ప్రశ్న, 'మా నాన్నలాంటివాళ్ళు ఈ దేశానికి ఎప్పటి నుంచి రాగలిగారు?' విని నేను నవ్వాను. వాడు మాత్రం ఆరు వారాలు దాన్ని వదల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కి, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీం కోర్టు చెప్పిందని నాకు వాడి ద్వారానే తెలిసింది. 1946లో చట్టం మార్చి ఏడాదికి 100 మంది భారతీయుల్ని రానిచ్చారట. ఏడాదికి 100! మన ఊరి పెళ్ళికి అంతకంటే ఎక్కువ మంది వస్తారు. 1965 చట్టంతో దేశాల వారీ కోటాలు పోయాకే డాక్టర్లూ ఇంజనీర్లూ రావడం మొదలైంది. 1970ల్లో వచ్చిన ఒక డాక్టర్ గారితో వాడు గంటసేపు మాట్లాడి రికార్డు చేసుకున్నాడు. ఆయన తెలుగులో చెప్పిందాన్ని వీడు ఇంగ్లీషులోకి రాసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక నేను చేసిన వెధవ పని. మనకు ప్రాజెక్టు అంటే ఏమిటి? చిన్న క్లాసుల్లో థర్మోకోల్ అమ్మ కోస్తుంది, చార్టు మీద నాన్న రాస్తాడు. బీటెక్‌కి వచ్చేసరికి అమీర్‌పేట వెళ్ళి రెడీమేడ్‌గా తెచ్చుకుంటాం. ఆ అలవాటుతో వాడు పడుకున్నాక వాడి వ్యాసం తెరిచి, వాక్యాలన్నీ చెక్కి, నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ పేర్చాను. మర్నాడు టీచర్ అందులో ఒక మాట చూపించి, దీని అర్థమేంటి అని అడిగితే వాడు నీళ్ళు నమిలాడు. డ్రాఫ్టు వెనక్కొచ్చింది. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివర్లో ముగ్గురు టీచర్ల ముందు పది నిమిషాలు చెప్పాలి. 1924లో వలసలకు తలుపులు మూసినవాళ్ళు 1965లో ఎందుకు తెరిచారని అడిగారట. 1964 పౌరహక్కుల చట్టం దగ్గర మొదలుపెట్టి, వాడి ముక్కల ఇంగ్లీషులోనే జవాబు చెప్పుకొచ్చాడు. నా పెద్ద మాట ఒక్కటీ వాడలేదు.

కాబట్టి మీ పని సామాన్లు కొనివ్వడం, లైబ్రరీకి తీసుకెళ్ళడం, అన్నం పెట్టడం. కీబోర్డు ముట్టుకోకండి.

అయితే ప్రాజెక్టు అన్న పేరున్నంత మాత్రాన మంచిదని కాదు. నాలుగు పోస్టర్లు అతికించి క్రెడిట్ ఇచ్చేసే చోట్లూ ఉంటాయి. సంతకం పెట్టే ముందు అడగండి: వారానికి ఎన్నిసార్లు టీచర్ కలుస్తారు, డ్రాఫ్టులు చూస్తారా, దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక (రూబ్రిక్) ముందే చేతికిస్తారా, చివర్లో నోటితో చెప్పించుకుంటారా. టీచర్ కలవరని తేలితే ఆన్‌లైన్‌కీ దీనికీ తేడా లేనట్టే. యూఎస్ హిస్టరీకి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష విడిగా ఉంది, క్రెడిట్ వచ్చినా అది రాయాల్సిందే. ప్రాజెక్టు చేసే పిల్లలు మిగతా యూనిట్లు వదిలేసి అక్కడ తడబడతారు, చూసుకోండి.

టైమ్ అసలు లేకపోతే క్రెడిట్ బై ఎగ్జామ్ ఉంది, అంటే పరీక్ష ఒక్కటే రాసి క్రెడిట్ తెచ్చుకోవడం. క్లాసులో ఒకసారి చదివిన కోర్సే కాబట్టి 70 వస్తే చాలు. యూటీ ఆస్టిన్, టెక్సస్ టెక్ యూనివర్సిటీలు ఈ పరీక్షలు పెడతాయి. డిస్ట్రిక్టు ముందే ఒప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో కనిపించిన ఏదో ఆన్‌లైన్ స్కూలుకు మాత్రం డబ్బు కట్టకండి, ఆ క్రెడిట్ తీసుకుంటామని కౌన్సెలర్ మెయిల్‌లో రాసిస్తే తప్ప.

కాలేజీ సంగతి: 61 ట్రాన్‌స్క్రిప్టులో కనిపించే అవకాశం ఎక్కువ, కొత్త మార్కు దాని పక్కన వస్తుంది. జీపీఏలో కలుపుతారా లేదా అన్నది డిస్ట్రిక్టు రూలు. కొత్త దేశంలో రెండో ఏడు ఒక సబ్జెక్టు తప్పి, తర్వాత నిలదొక్కుకున్న పిల్లాడి అప్లికేషన్‌కి అదేమీ మచ్చ కాదని నా అభిప్రాయం. రేపు కాలిఫోర్నియాకి మారే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ డి గ్రేడ్‌తో హైస్కూలు గట్టెక్కొచ్చు కానీ అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీ, కాల్ స్టేట్ వాళ్ళు అడిగే సబ్జెక్టుల్లో సి కంటే తగ్గితే లెక్కలోకి తీసుకోరు.

ఇంకోటి అడగడం మర్చిపోయాను. బాబు తొమ్మిదో తరగతి హైదరాబాద్‌లోనే చదివాడు కదా, దానికి ఇక్కడ ఎన్ని క్రెడిట్లు వేశారు? ఇక్కడ హైస్కూలు తొమ్మిది నుంచే లెక్క. మన వాళ్ళు చాలామంది పదో తరగతి మెమో ఒక్కటే ఇచ్చి ఊరుకుంటారు, తొమ్మిది ఖాళీగా ఉండిపోతుంది. మీ అమ్మగారికో అత్తగారికో ఫోన్ చేసి బీరువాలో తొమ్మిదో తరగతి మార్కుల కాగితం వెతికించండి. దొరక్కపోతే పాత స్కూలు నుంచి స్టాంపు వేయించి స్కాన్ తెప్పించుకోండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి.