వే ప్రోటీన్‌తో కడుపు ఉబ్బరిస్తుంటే ఏది కొనాలి?

వే కాన్సంట్రేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే, తక్కువ శుద్ధి చేసిన ప్రోటీన్ పొడి) తాగిన ప్రతిసారీ కడుపు ఉబ్బరిస్తోందని, మీ బరువు 70 కిలోలని, గుడ్లు తింటారని రాశారు. పాలు తాగినా ఇదే ఇబ్బంది కలిగితే కారణం చాలావరకు పాలలోని చక్కెర, అంటే లాక్టోజే అయి ఉంటుంది. కాన్సంట్రేట్‌లో అది కొంత మిగిలిపోతుంది, మరింత శుద్ధి చేసిన, దాదాపు 90 శాతం ప్రోటీన్ ఉండే ఐసోలేట్‌లో మాత్రం చాలా తక్కువ. కాబట్టి ముందుగా ఐసోలేట్ చిన్న ప్యాకెట్ కొని, సగం స్కూపును నీళ్లలో కలిపి తాగి చూడండి. అదీ పడకపోతే బఠానీ, బియ్యం ప్రోటీన్లు కలిసిన పొడి తీసుకోవచ్చు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలతో తయారవుతుంది; వాటిలో బఠానీలో తక్కువగా ఉండే మిథియోనిన్‌ను బియ్యం, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను బఠానీ భర్తీ చేస్తాయి. రుచి సంగతి మాత్రం అడగకండి.

డబ్బా మీది పెద్ద అక్షరాలను నమ్మకుండా, స్కూపు బరువులో ప్రోటీన్ వాటా ఎంతో లెక్కించండి: 30 గ్రాములకు 24 గ్రాములుంటే 80 శాతం. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ అనే అమైనో ఆమ్లాలు విడిగా కనిపిస్తే, ప్రోటీన్ అంకెను పెంచి చూపడానికే కలిపారేమోనని నేను అనుమానిస్తాను. బరువులెత్తే మీకు రోజుకు సుమారు 110 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. మూడు గుడ్లలోనే దాదాపు 18 గ్రాములు వస్తాయి గనుక, పప్పు, సెనగలు, సోయా కూడా లెక్కవేశాక తగ్గినంత మేరకే పొడి వాడండి. మూత్రపిండాల సమస్య ఉంటే వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు.