రవంత పెద్దగా చేస్తే వాళ్లదేం పోయింది?

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన టీచర్ని. ప్రతి శనివారం శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కుతాను. ఫోను బరువుగా ఉంటోంది, పైగా దారంతా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు అంటే, మా అబ్బాయి అగ్గిపెట్టెలో సగం ఉండే పాటల ప్లేయరు కొనిచ్చాడు. కొంగుకు క్లిప్పు పెట్టుకోవచ్చు, అంతవరకూ బాగుంది. కానీ స్క్రీను లేదు, ఉన్నవి మూడు బటన్లు, అవీ కందిగింజంత. సౌండు పెంచుదామని నొక్కితే పాట మారిపోతుంది. పాట మారుద్దామని గట్టిగా నొక్కితే చెవిలో గయ్యిమంటుంది. చేతికి చెమట పట్టిందా, ఇక చెప్పక్కర్లేదు. రవంత పెద్దగా చేస్తే వాళ్లదేం పోయింది? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అమ్మా, తప్పు మీ చేతిదీ కాదు, మీ వయసుదీ కాదు. మీది ఒకే బటన్‌కు రెండు పనులు అంటగట్టిన రకం. తాకి వదిలేస్తే పాట మారుతుంది, నొక్కి పట్టుకుంటే సౌండు పెరుగుతుంది. ఐదు బటన్లు పట్టే చోటు లేక మూడింటితో సరిపెట్టారు, మిగిలిన రెండింటి పని మీ వేలు గుర్తుపెట్టుకోవాలన్నమాట. 2,388 మెట్లెక్కుతూ ఆయాసపడే మనిషి తాకిందా, పట్టుకుందా అన్నది అంత చిన్న బటన్‌కు ఏం తెలుస్తుంది!

మొన్న ఇలాంటిదే ఒకటి నా టేబుల్ మీదికొస్తే గోరుతో అంచు లేపి విప్పాను. పాట పాడించే చిప్పు మన గోరులో సగం కూడా లేదు. పాటలు దాచుకునే కార్డు చిటికెన వేలి గోరంత. మరి లోపల చోటంతా ఎవరు తినేశారంటే బ్యాటరీ, ఇయర్‌ఫోన్ పిన్ను దూరే సాకెట్, బటన్లు. చిప్పులు ఏటేటా చిన్నవవుతూనే వచ్చాయి గానీ ఈ మూడూ మొండిఘటాలు. పిన్ను మందమే 3.5 మి.మీ., దాని చుట్టూ సాకెట్ గోడ, దానిపైన డబ్బా గోడ, అంతకన్నా పలచన చేయమంటే ఎవరివల్లా కాదు. బ్యాటరీది పిండి కొద్దీ రొట్టె వ్యవహారం. పొడవు, వెడల్పు, మందం మూడూ సగం చేశారనుకోండి, లోపల చోటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది, దాంతోపాటే పాట వినే గంటలూ పడిపోతాయి. మూడోది మీ వేలు. దాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు కదా.

ఈ తంటా ఇప్పటిది కాదు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చినప్పుడు దాని సైజు క్యాసెట్ చేతిలో ఉండేది. క్యాసెట్టే 10 సెంటీమీటర్ల పొడవు, ఆరున్నర వెడల్పు కదా, అంతకన్నా చిన్న డబ్బాలో దాన్ని ఎక్కడ దూరుస్తారు? అయినా ఊరుకోలేదు మహానుభావులు, 1983లో డబ్ల్యూఎం-20 అని ఒకటి తెచ్చారు, మూస్తే అది క్యాసెట్ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాంత, క్యాసెట్ పెట్టాలంటే మాత్రం సొరుగులా బయటికి లాగాలి. నా దృష్టిలో చిన్నది చేయడంలో అంతకు మించిన తెలివి మళ్లీ ఎవరూ చూపించలేదు. ఎందుకంటే అక్కడ వాడేవాడి నుంచి ఏమీ లాక్కోలేదు.

లాక్కోవడం తర్వాత మొదలైంది. 2001లో యాపిల్ మొదటి ఐపాడ్‌లో 5 జీబీ హార్డ్ డిస్కు, బరువు 184 గ్రాములు. అది తిరిగే డిస్కు, ఆపకుండా తిప్పితే బ్యాటరీ ఊడ్చేస్తుంది కాబట్టి కొన్ని పాటలు ముందే మెమరీలోకి లాక్కుని డిస్కును పడుకోబెట్టేవాళ్లు. 2005లో ఐపాడ్‌లోనే షఫుల్ అనే బుల్లి రకం వచ్చింది, తిరిగే డిస్కు లేదు, బరువు 22 గ్రాములు, స్క్రీను తీసేశారు. ఏ పాట వస్తుందో తెలియకపోవడమే సరదా అని ప్రచారం! లేనిదాన్ని గొప్పగా చెప్పుకోవడం కూడా ఒక కళే. మరుసటి ఏడాది మీ కొంగు మీద ఉన్నలాంటి క్లిప్పు పెట్టారు, ఛార్జింగుకు వేరే రంధ్రం ఎందుకని ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచే ఛార్జింగు ఎక్కించారు. ఇది మాత్రం నాకు నచ్చింది.

2009లో అసలు కథ. ఈసారి డబ్బా మీద పాట బటన్లు కూడా ఎగరగొట్టి, వాటిని ఇయర్‌ఫోన్ వైరు మీదికి తోసేశారు. బరువు 11 గ్రాములు కూడా లేదు. ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, మూడుసార్లయితే ముందరి పాట, నొక్కి పట్టుకుంటే పాట పేరు చదివి వినిపిస్తుంది. చదవడం 14 భాషల్లో వచ్చు, మన తెలుగు అందులో లేదు. వైరు తెగిపోయిందనుకోండి, బజారులో దొరికే మామూలు ఇయర్‌ఫోన్ తగిలిస్తే పాట మోగుతుంది గానీ సౌండు తగ్గించే దిక్కు ఉండదు. డబ్బాలో తగ్గించిన చోటు వైరు మీదికి, మన జేబు మీదికి వచ్చి పడిందన్నమాట. ఏడాదిన్నర తిరక్కుండానే, 2010లో, బటన్లు మళ్లీ డబ్బా మీదికి తెచ్చి, బరువు పన్నెండున్నర గ్రాములకు పెంచారు. మీరడిగిన ఆ రవంత పెద్దదనం అదేనమ్మా, అంత పెద్ద కంపెనీ కూడా దిగొచ్చి ఇచ్చింది.

ఇంక మీ దానికి వైద్యం. రాయి ఉన్న స్టిక్కర్ బొట్టుబిళ్ల ఒకటి ఆపే బటన్ మీద అంటించండి, చూడకుండానే వేలికి తెలుస్తుంది. సౌండు మెట్ల కింద ఉండగానే సరిచేసుకోండి, పక్కన ‘హోల్డ్’ అని జరిపే మీట ఉంటే వేసేయండి, ఇక కొంగు రాసుకున్నా పాట మారదు. 8 జీబీ రకమైతే మామూలు ఎంపీ3 పాటలు, ఐదేసి నిమిషాలవి, పదహారు వందల దాకా పడతాయి. అన్నమయ్య 32 వేలు రాశాడంటారు కాబట్టి నింపడానికి కొదవలేదు, కానీ స్క్రీను లేనిదాంట్లో వెయ్యి పాటలు వేసి కావలసినది వెతకడం గడ్డివాములో సూది. ఓ ముప్ఫై చాలు. ఇంకొకటి, ఈ చౌక ప్లేయర్లు చాలావరకు పేరు వరసలో పాడవు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు పాడతాయి, అందుకని సుప్రభాతం మొదట రావాలంటే దాన్నే మొదట ఎక్కించమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: సార్, నా ప్లేయరు డబ్బా మీద పది గంటలు అని రాశారు. కొత్తలో ఎనిమిది వచ్చేది. ఏడాదిన్నరకే రెండు గంటలకు చచ్చిపోతోంది. షాపాయన బ్యాటరీ మార్చడం కుదరదు, కొత్తది కొనుక్కో అంటున్నాడు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, చిత్తూరు)

జవాబు: కుదరదు అనడం కన్నా గిట్టుబాటు కాదు అనుంటే నిజం చెప్పినట్టయ్యేది తమ్ముడూ. పది గంటలు అనేది సౌండు మధ్యలో పెట్టి కొలిచిన లెక్క, నువ్వు బస్సులో ఫుల్లుగా పెట్టి వింటావు. ఇక ఇలాంటి లిథియం బ్యాటరీ నాలుగైదు వందల సార్లు పూర్తిగా ఎక్కి దిగాక నీరసపడుతుంది, రోజూ ఛార్జింగు పెట్టావు కాబట్టి నీ లెక్క సరిపోయింది.

చోటు మిగలాలని వీటిలో బ్యాటరీకి మూత పెట్టరు, రెండు సన్న వైర్లు బోర్డుకు టంకం వేసి, వెనకాల జిగురు టేపుతో అతికిస్తారు. పాత వాక్‌మన్‌లో పెన్సిల్ సెల్లు ఏ అంగట్లోనైనా దొరికేది, ఆ సుఖం ఇచ్చేసి ఈ సన్నదనం కొనుక్కున్నాం. విప్పించి చూస్తే వెండి రేకులాంటి బ్యాటరీ మీద 401230 లాంటి అంకె ఉంటుంది. అది మందం 4 మి.మీ., వెడల్పు 12, పొడవు 30 అని కొలత. అదే కొలతది, రెండు వైర్లదే, తెచ్చి టంకం వేయించుకోవచ్చు, హెడ్‌సెట్లు బాగుచేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. మందం అర మిల్లీమీటరు ఎక్కువైనా డబ్బా మూసుకోదు, నొక్కి మూయొద్దు. పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం పిన్నీసుతో గుచ్చి చూడటం లాంటి ప్రయోగాలు చేయకు, అంటుకుంటుంది. చెత్తబండిలో కూడా వేయకు.

ప్రశ్న: అన్నా, పొద్దున్నే పాలు పితికేటప్పుడు ఫోన్‌లో ఎఫ్ఎం పెట్టుకోవడం అలవాటు. వైరు అడ్డమొస్తోందని వైరు లేని ఇయర్‌బడ్స్ కొన్నాను. ఇప్పుడు ఎఫ్ఎం పెడితే ఇయర్‌ఫోన్ తగిలించు అంటోంది. చెవిలో ఉన్నదేంది మరి? (ఒక పాడిరైతు, పలమనేరు)

జవాబు: చెవిలో ఉన్నది ఇయర్‌ఫోనే గానీ పోయింది ఏరియల్ తమ్ముడూ. ఇన్నాళ్లూ నీకు అడ్డమొచ్చిన ఆ వైరే స్టేషన్‌ను పట్టేది. ఎఫ్ఎం తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు, అందులో పావు వంతు, అంటే ముప్పాతిక మీటరు తీగ ఉంటే బాగా అందుతుంది, ఇయర్‌ఫోన్ వైరు దానికి అటూఇటూగా సరిపోతుంది. బ్లూటూత్ తరంగం 12 సెంటీమీటర్ల పైచిలుకే, దానికి 3 సెంటీమీటర్ల ముక్క చాలు, అందుకే చెవిలో పట్టింది.

పాత ఇయర్‌ఫోన్ పారేయలేదు కదా? పిన్ను పెట్టే రంధ్రం నీ ఫోన్‌కు ఉంటే దాన్నే తగిలించి, ఎఫ్ఎంలో స్పీకర్ గుర్తు నొక్కు, చెవిలో పెట్టుకునే పనే లేదు, గేదెలు కూడా వింటాయి. వైరును చుట్టచుట్టి జేబులో కుక్కితే మాత్రం గరగరమంటుంది, ఫోన్‌ను గుంజకు తగిలించి వైరును కిందికి వేలాడనియ్యి.